కుడివైపు పళ్ళు

మా కుక్క మంచం కిందికి దూరిందంటే తోక తప్ప ఏమీ కనిపించదు. ఆ తోకను కూడా కదపకుండా ఉంచుతుంది, నేను చూడలేదనుకుని. నేను నేల మీద బోర్లా పడి, చూపుడువేలికి రబ్బరు తొడుగు తొడుక్కుని, "ఒసేయ్, రావే తల్లీ! జీపు వచ్చేస్తుందే!" అని ఒక నిమిషం బతిమాలి, రెండో నిమిషం నుంచి తిట్టడం మొదలుపెట్టేదాన్ని. ఒంటి మీద ఇస్త్రీ చీర. పొయ్యి మీద పాలు. అరకులో పొద్దున్న ఏడింటికి మంచు పట్టి వీధి చివర ఏముందో కనిపించదు గానీ, జీపు హారన్ మాత్రం రెండు మలుపుల అవతల నుంచే వినిపిస్తుంది. పోయిన ఏడు వానాకాలం మొదలుకుని చలికాలం దాకా నాకు రోజూ ఇలాగే తెల్లారింది.

కుక్కకి పళ్ళు తోమడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. మా ఆయన పాడేరులో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. ఆయనైతే, "నా పన్ను సలుపుతోందని నెల రోజులుగా చెబుతున్నా, ఒక్కసారైనా నోరు తెరవమన్నావా?" అని దెప్పారు. నాకు మాత్రం సరదానా? అది నా కుక్క కూడా కాదు. మా అమ్మాయి ఏడో తరగతిలో రెండు పూటలు అన్నం మానేసి సాధించుకున్న కుక్క. తెల్లటి బొచ్చుతో ఇంత ఉంటుంది, ఎత్తుకుంటే సంచీలో కూరగాయలంత బరువు. అమ్మాయి ఇప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ముద్దులన్నీ ఆవిడగారివి, చాకిరీ అంతా నాది.

నాకు కుదురు లేదు. ఈ మాట నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తాలింపులో ఆవాలు చిటపటలాడేదాకా ఆగలేను, ఈలోపు కరివేపాకు వేసేస్తాను. బస్సు ఆగకముందే సీట్లోంచి లేచి నిలబడతాను. పుస్తకం చదువుతూ చివరి పేజీ తిప్పి చూస్తాను. మా అమ్మ నన్ను "కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టింది" అనేది. అది పొగడ్త అనుకుని పెరిగాను.

ఉద్యోగం డుంబ్రిగుడ దాటాక ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. తెలుగు చెబుతాను. దాంతోపాటు ప్రార్థనకి ముందు పిల్లల గోళ్ళూ, జుట్టూ, పళ్ళూ చూడటం నా డ్యూటీ. వరసగా నిలబెట్టి, "ఈ... అనండమ్మా" అంటే అందరూ ఒక్కసారి "ఈ..." అంటారు. ఒక్క చూపులో చెప్పేస్తాను ఎవరు తోముకున్నారో, ఎవరు బ్రష్ తడిపి పెట్టేశారో. ఒకమ్మాయికి పళ్ళు ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క పసుపుపచ్చగా ఉండేవి. "ఏమ్మా, ఈ పక్క పళ్ళు పక్కింటివాళ్ళవా?" అన్నాను అందరి ముందూ. పిల్లలు గొల్లుమన్నారు. ఆ పిల్ల పెదవులు మూసుకుని తల దించుకుంది. నేను మంచి చలోక్తి విసిరాననుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయాను.

కుక్క సంగతి బయటపడింది జూన్‌లో. అమ్మాయి సెలవులకి వచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకోగానే, "అమ్మా, దీని నోరు కంపు కొడుతోంది!" అంది. కుక్క నోరు కంపు కొట్టక గంధం వాసన వస్తుందా అన్నాను. అమ్మాయి ఊరుకోలేదు. మర్నాడు ఊళ్ళో పశువుల ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది. అక్కడి డాక్టరుకి పొద్దస్తమానం ఆవులూ, మేకలే. ఆయన పెదవి ఎత్తి చూసి, ఇది విశాఖలో చూపించాల్సిన కేసు అన్నారు. ఇక అమ్మాయి నన్ను నిలవనిస్తేగా. కారు మాట్లాడుకుని అనంతగిరి ఘాట్ దిగాం. మలుపు మలుపుకీ కుక్క నా ఒళ్ళో కక్కింది.

అక్కడి డాక్టరు నెమ్మదైన మనిషి. మనిషి ఎంత నెమ్మదిగా మాట్లాడితే నాకు అంత కంగారు. ఆయన విడమరచి చెప్పారు. చిన్న జాతి కుక్కలకి నోరు చిన్నది, పళ్ళు మాత్రం పెద్ద కుక్కకి ఎన్నుంటాయో అన్నీ ఉంటాయి. ఇరుకులో తిండి ఇరుక్కుని గార కడుతుంది. గార కింద చిగురు పుచ్చిపోతుంది. మామూలుగా అయితే మత్తు ఇచ్చి ఒక్కసారే శుభ్రం చేసేస్తారు. కానీ దీని గుండె చప్పుడులో తేడా ఉంది.

"మత్తు ఇస్తే లేస్తుందో లేదో నేను గట్టిగా చెప్పలేనమ్మా," అన్నారాయన. "ఇంకా అంత ముదరలేదు కాబట్టి, రోజూ ఇంట్లో తోమండి. చలికాలంలో ఒకసారి తీసుకురండి. చిగుళ్ళు తగ్గితే మత్తు జోలికే పోనక్కర్లేదు."

అంటే రోజూ తోమితే బతుకుతుంది. తోమకపోతే మత్తు ఇవ్వాలి, మత్తు ఇస్తే లేవకపోవచ్చు. ఇంతకన్నా తేలిగ్గా ఎవరు చెబుతారు? అమ్మాయి అక్కడే ఏడ్చేసింది. "నేను హాస్టల్లో ఉంటాను, నువ్వే చెయ్యాలి. చేస్తావా? ఒట్టు వెయ్యి," అంది. సరేనని అమ్మాయి నెత్తి మీద చెయ్యి పెట్టాను.

ఎప్పుడు తోమాలని మాత్రం నేను అడగలేదు. అడుగుతానా? పళ్ళు ఎప్పుడు తోముకుంటారో తెలియనివాళ్ళు ఉంటారా? మాది విజయనగరం పక్క. మా ఇంట్లో పాచినోటితో మంచినీళ్ళు కూడా తాగనిచ్చేవారు కాదు. జ్వరమొచ్చి లేవలేక పడున్నా సరే, మా అమ్మ వేలితో పళ్ళపొడి రుద్ది, పుక్కిలించి ఉమ్మించాకే మందుబిళ్ళ ఇచ్చేది. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఉద్యోగమొచ్చి కొండ మీదికి వచ్చినా ఆ పట్టింపు నన్ను వదల్లేదు. కాబట్టి కుక్కకైనా సరే, ముందు పళ్ళు, తర్వాతే పాలు. డాక్టరు చెప్పకపోయినా ఆ వేళ నేనే పెట్టేశాను.

రబ్బరు తొడుగూ, పేస్టూ అమ్మాయి కొనిచ్చింది. మనుషుల పేస్టు పనికిరాదట, ఉమ్మడం రాదు కాబట్టి మింగేస్తుందట. కుక్కల పేస్టు కోడికూర వాసన. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం. శనివారం తలారా స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ చేత్తోనే కోడికూర వాసన పూసుకుని కుక్క నోట్లో వేలు పెట్టాలంటే నాకు ప్రాణం చచ్చిపోయేది. మొదటి శనివారం పేస్టు లేకుండా ఉత్త నీళ్ళతో రుద్దాను. రెండో శనివారం దేవుడికి ఒక దండం పెట్టి, "స్వామీ, ఇది కూర కాదు, మందు," అని చెప్పేశాను.

దాన్ని నాకేసి తిప్పి ఒళ్ళో ఇరికించుకుంటే, నా కుడిచేతికి ముందు అందేది దాని ఎడమ బుగ్గ. ఆ వైపు పైనా కిందా రుద్దేసరికి దానికి ఓపిక అయిపోయేది. రాత్రి ఎప్పుడో తిన్న కుక్క, పక్కన పాల వాసన, నోట్లో ఊరించే కోడికూర. గుర్రుమనేది. ఇక కుడివైపు చేయాలంటే దాన్ని వెనక్కి తిప్పి పట్టుకోవాలి. తిప్పేలోపు గింజుకునేది. గింజుకునేలోపు హారన్. ఒకటి కాదు, మూడు.

"మేడమ్! బేగి రండి మేడమ్, ఇప్పటికే ఆలీసమైపోనాది!" అని జీపు డ్రైవరు కేక. ఆ జీపు తప్పితే తర్వాతది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కుక్కని దింపేసి, పాలు పోసేసి, చెయ్యి కడుక్కున్నానో లేదో తెలియకుండా పరిగెత్తేదాన్ని. మిగతాది రేపు చేద్దాంలే అనుకునేదాన్ని. రేపు మళ్ళీ ఎడమవైపు నుంచే మొదలు.

సాయంత్రం ఆరింటికి అమ్మాయి ఫోను. అన్నం తిన్నావా అని కూడా అడగదు. "తోమావా అమ్మా?"

"తోమాను."

అబద్ధం కాదుగా! తోమాను. ఒక నెల గడిచాక, ఏం అనుమానం వచ్చిందో, "రెండు వైపులా?" అంది. "ఆఁ, అన్ని వైపులా," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి, సర్ది ఉన్న గిన్నెల్ని తీసి మళ్ళీ సర్దాను. తర్వాత రోజూ అదే జవాబు, రోజూ గిన్నెలు సర్దడం.

మేముండే ఇంటి యజమానురాలు మా వెనక వాటాలో రెండు గదుల్లో ఉంటుంది. అరవై దాటిన మనిషి. కొండవాలు మీద కొంచెం కాఫీ, మిరియాలు, మెట్ట మీద చోళ్ళు, అంటే రాగులు, పండిస్తుంది. పొద్దున్నే లేచి అంబలి తాగేసి, ఆ తర్వాత వేపపుల్ల నోట్లో పెట్టుకుని నములుతూ తోటకి వెళ్తుంది. అంబలి ముందు, పుల్ల తర్వాత. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఒకరోజు నా తిట్లు విని గుమ్మం దగ్గర ఆగింది.

"ఏటి టీచరమ్మా, రోజూ పొద్దున్నే ఆ కుక్కతోటి కుస్తీ? ఏటి సేత్తన్నావు?"

"పళ్ళు తోముతున్నానమ్మా."

"తిన్నాదా అది?"

"తినకముందే తోమాలి కదా. పాచినోరు."

ఆమె పుల్ల నోట్లోంచి తీసి మరీ నవ్వింది. "గిన్నె తిన్నాక కడుగుతావా, తినకముందు కడుగుతావా? ఆకలి మీదున్నదాని నోట్లో ఏలు పెడితే కరవదేటి మరి? సాయంత్రం వొచ్చి, దానికి కూడెట్టి, కూకుని నెమ్మదిగా సెయ్యి. పొద్దున్న నీకు కాలు నిలవదు, దానికి నోరు నిలవదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వందమంది పిల్లల పళ్ళు చూసే నాకు ఈమె పాఠం చెబుతుందా! "మీకు తెలియదులెండి, డాక్టరుగారు పొద్దున్నే తోమమన్నారు," అనేశాను. ఆయన ఆ మాట అననే లేదు. ఆమె "డాకటేరు సెప్తే మరి సరే," అని పుల్ల మళ్ళీ నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

చలికాలం వచ్చింది. ఊరంతా టూరిస్టులు, కార్లు, వీధి పొడుగునా వెదురు బొంగులో చికెన్ కాల్చే పొగ. యజమానురాలు పెరట్లో కాఫీ పళ్ళు ఆరబోసింది. డాక్టరు రమ్మన్న గడువు దగ్గరపడుతోంది. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అని నేను జరుపుతూ వచ్చాను. వెళ్తే ఏమంటారో నాకు తెలుసు. తెలిసినా, పొద్దున్నే అదే ఒళ్ళో ఇరికించుకోవడం, అదే ఎడమ బుగ్గ, అదే హారన్. కుక్క బిస్కెట్టు కొరకడం మానేసింది. పాలలో నానబెట్టి పెడితే తింటోంది. చలికి అలా చేస్తోందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక బుధవారం పొద్దున్న పిలవకుండానే మంచం కింద నుంచి అదే వచ్చింది. వచ్చి, తల నా మోకాలికి ఆనించింది. కుడి కంటి కింద నిమ్మకాయంత వాపు. ఆ వైపు కన్ను సగం మూసుకుపోయింది. వేలు పెట్టబోతే కెవ్వుమని అరిచింది. కరవలేదు, అరిచింది. అప్పుడే హారన్ మోగింది.

నేను వెళ్ళిపోయాను. ఇది రాయకుండా దాటేయవచ్చు, కానీ నేను వెళ్ళిపోయాను. పాలు పోసి, తలుపు దగ్గరికి వేసి, అలవాటైన కాళ్ళు అలవాటైన జీపులోకి ఎక్కించేశాయి. ఆరోజు సెలవు పెట్టలేని రోజేమీ కాదు. జీపులో కూర్చుని, దిగిపోదామా వద్దా, దిగిపోదామా వద్దా అనుకుంటూనే డుంబ్రిగుడ దాటేశాను. ప్రార్థనలో పిల్లలు వరసగా నిలబడి "ఈ..." అన్నారు. ఒక్క నోరూ చూడలేకపోయాను. ఆ పసుపు పళ్ళ పిల్ల రెండు పక్కలా తళతళలాడించుకుని, నేను చూస్తానని పెదవులు ఇంకా సాగదీసి నిలబడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెడ్మాస్టరమ్మకి ఏదో చెప్పి, రోడ్డు మీదికొచ్చి, దొరికిన ఆటో ఎక్కేశాను.

ఇల్లు చేరేసరికి యజమానురాలు నా గుమ్మంలో కూర్చుని ఉంది, కుక్క ఆమె ఒళ్ళో. అరుపులు విని తలుపు తీసిందట. "బేగి పట్నం తీసుకుపో టీచరమ్మా. సీము పట్టీసినాది. నీ కూతురు గుంటకి ఫోను సెయ్యి," అంది. పాఠం చెప్పలేదు. ముందే చెప్పానా అని కూడా అనలేదు. అంటే బాగుండేది, పోట్లాడి ఉండేదాన్ని.

ఆ మధ్యాహ్నమే ఘాట్ దిగాం. అమ్మాయి ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంది. డాక్టరుగారు ముందు ఎడమ పెదవి ఎత్తారు. ఆయన మొహం విప్పారింది. "చాలా బాగా చేశారమ్మా. చిగురు చూడండి, ఎంత గులాబీగా ఉందో. ఇంత బాగా చేసేవాళ్ళు తక్కువ," అన్నారు. తర్వాత కుడి పెదవి ఎత్తారు. లైటు దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశారు.

"ఈ వైపు ఎవరు తోమేవారు?" అన్నారు.

వెటకారం కాదు. ఆయన నిజంగానే అడిగారు. ఒక వైపు నేనూ, ఇంకో వైపు ఇంకెవరో పంచుకుని చేస్తున్నామని అనుకున్నారు. పక్కింటివాళ్ళవా అని నేను ఆ పిల్లని అడిగిన మాటే తిరిగి నా ముందుకొచ్చి నిలబడింది.

"నేనేనండీ," అన్నాను.

అమ్మాయి నావైపు చూసింది. "రెండు వైపులా అన్నావు కదమ్మా," అంది. గొంతు పెంచలేదు. డాక్టరుగారు కాగితం ముందు పెట్టారు. చీము ఎముకలోకి పాకుతోంది, మత్తు ఇచ్చి పళ్ళు తీయక తప్పదు, గుండె సంగతి తెలిసిందే, మీకు సమ్మతమైతే సంతకం పెట్టండి. సంతకం పెట్టాను. కుక్కని లోపలికి తీసుకెళ్తుంటే అది అమ్మాయి భుజం మీదుగా నన్నే చూసింది. రోజూ తిట్టేది నేనైతే, అది వెతుక్కున్నదీ నన్నే.

బయట బెంచీ. రెండు గంటలు పడుతుందన్నారు. నేను కూర్చోలేదు. తలుపు దాకా వెళ్తాను, గోడ గడియారం చూస్తాను, గేటు దాకా వెళ్తాను, మళ్ళీ తలుపు దాకా వస్తాను. కాంపౌండరుని మూడుసార్లు అడిగాను. "కూర్చో అమ్మా," అంది అమ్మాయి. కూర్చుని మళ్ళీ లేచాను.

"ఒక్కసారి కూర్చోవే!" అని అరిచింది. నన్నెప్పుడూ "వే" అనని పిల్ల. కూర్చున్నాను. నా మొహం చూడకుండా, ఎదురుగా గోడకి చెబుతున్నట్టుగా మాట్లాడింది.

"చిన్నప్పుడు నాకు రెండు జడలు వేసేదానివి గుర్తుందా? మొదటి జడ ఎంత బాగుండేదో. రెండోది వేసేసరికి నీ జీపు వచ్చేసేది. రోజూ వదులే. బడికి వెళ్ళేలోపు రిబ్బను ఊడి చేతిలోకి వచ్చేసేది. దారిలో నిలబడి నేనే వేసుకునేదాన్ని. నీకు చెప్పలేదు, తిడతావని."

నేను చీర కొంగు మడతలు పెడుతూ కూర్చున్నాను.

"నాకు చేతులున్నాయి కాబట్టి సరిపోయిందమ్మా," అంది. "దానికి లేవు కదా."

ఆ మాట తర్వాత నేను లేవలేదు. మిగతా సమయమంతా ఆ బెంచీకి అతుక్కుపోయి కూర్చున్నాను. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది, కాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి, వాటిని చేతులతో నొక్కి పట్టుకున్నాను. ఎన్ని సగం పనులు! సగం దిద్దిన నోటు పుస్తకాలు, సగం విన్న పిల్లల మాటలు, మా ఆయన పన్ను. కుక్క చచ్చిపోతే ఈ పిల్ల నన్ను తిట్టదు, ఏమీ అనదు, ఇలాగే గోడకేసి చూస్తుంది జీవితాంతం. నాకు భయమేసింది. దేవుడా, ఇది ఒక్కటి లేవనీ, అని దండం పెట్టుకున్నాను. ఫలానా రోజు ఉపవాసముంటాననీ, తలనీలాలిస్తాననీ మొక్కలేదు. ఆ మొక్కూ సగంలోనే వదిలేస్తానని నాకే తెలుసు.

అది లేచింది. చీకటి పడబోతుండగా లోపలికి పిలిచారు. దుప్పట్లో చుట్టి ఉంది, ఒక కన్ను తెరిచి తోక కొసని ఒక్కసారి కదిపింది. అమ్మాయి దాని మీద తల పెట్టి ఏడ్చింది, నేను అమ్మాయి వీపు మీద తల పెట్టి ఏడ్చాను. కుడివైపు ఆరు పళ్ళు తీసేశారు, కింది కోరపన్నుతో సహా.

ఇన్ని నెలలకి అప్పుడడిగాను. "డాక్టరుగారూ, అసలు ఎప్పుడు తోమాలండీ?"

"ఎప్పుడైనా ఫరవాలేదమ్మా. మీకు తీరిక ఉన్నప్పుడు. తిన్నాక అయితే అది కుదురుగా ఉంటుంది, వెనక పళ్ళ దాకా వేలు పోనిస్తుంది."

పాచినోటి సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. "మా ఇంట్లోనూ అదే పట్టింపు. కుక్కకి మాత్రం ఆ పట్టింపు లేదు లెండి," అన్నారు.

ఇంటికొచ్చాక మూడు వారాలు గాయం మానేదాకా తోమొద్దన్నారు. ఆ మూడు వారాలూ నాకు పొద్దున్న ఏం చేయాలో తోచలేదు. జీపు రాకముందే వీధిలో నిలబడేదాన్ని. తర్వాత మొదటి సాయంత్రం అన్నం పెట్టి, వరండాలో పీట వేసుకుని దాన్ని ఒళ్ళోకి తీసుకుంటే, నా చెయ్యి మళ్ళీ ఎడమవైపుకే పోయింది. యజమానురాలు చోళ్ళు చెరుగుతున్నది ఆపి వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నోరు తెరవకు. ఎందుకు తెరుత్తావు? పెదవి ఎత్తు, సాలు," అని తన బొటనవేలితో దాని పెదవి మూలని అలా పైకి జరిపింది. కుక్క కదల్లేదు. సంతలో మేకని బేరమాడేటప్పుడు పళ్ళు చూసే పద్ధతట అది. దవడ పట్టి లాగినవాడికి మేక గింజుకుంటుంది, మేకతోపాటు అమ్మేవాడూ గింజుకుంటాడు. పెదవి ఎత్తినవాడు పళ్ళన్నీ చూసేస్తాడు. "బేగి అయిపోవాలంటే బేగి సెయ్యకూడదు," అని నవ్వింది. ఈసారి నాకు కోపం రాలేదు. మర్యాదగా, "ఇంకోసారి చూపించండమ్మా," అన్నాను.

కోరపన్ను లేకపోవడంతో దాని నాలుక ఇప్పుడు లోపల నిలవదు. కుడివైపు ఆ ఖాళీలోంచి గులాబీ రంగు పీలికలా బయటికి వేలాడుతుంటుంది, నిద్రలో కూడా. టూరిస్టులు మా వరండా దగ్గర ఆగి, "అబ్బ, ఎంత క్యూట్‌గా ఉందో! ఎలా నేర్పించారండీ?" అని సెల్ఫీలు దిగుతారు. ఎలా నేర్పించానో వాళ్ళకేం చెప్పను? లోపలికి వెళ్ళిపోతాను. లేచినప్పుడూ, తిన్నప్పుడూ, నా కాళ్ళ దగ్గర పడుకున్నప్పుడూ ఆ నాలుక నాకు కనిపిస్తూనే ఉంటుంది.

మారిపోయానని చెప్పను. ఆవాలు చిటపటలాడకముందే కరివేపాకు ఇప్పటికీ వేస్తున్నాను. పీట మీద కూర్చున్న రెండో నిమిషానికి బట్టలు తీయలేదని, గేటు వేయలేదని, ఏదో ఒకటి నన్ను లాగుతూనే ఉంటుంది. అమ్మాయి ఆరింటికి ఫోను చేస్తూనే ఉంది. ఇప్పుడు తోమావా అని అడగదు. "కుడివైపు అయిందా?" అంటుంది, అంతే. చాలా రోజులు "అయింది" అన్నాను, నిజంగానే అయింది కాబట్టి.

మొన్న వాన. జీపు సగం దారిలో ఆగిపోయింది. తడిసి, నడిచి, ఇంటికొచ్చి కుక్కకి ఇంత పెరుగన్నం కలిపి పెట్టి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద వాలాను. ఒళ్ళు నొప్పులు, చలి. రేపు రెండుసార్లు తోముదాంలే అనుకున్నాను. ఫోను మోగింది.

"కుడివైపు అయిందా అమ్మా?"

"ఆఁ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎన్నేళ్ళ అలవాటో. మంచం పక్కన అది కూర్చుని, నాలుక వేలాడేసుకుని నన్నే చూస్తోంది.

"లేదు," అన్నాను.

"ఎడమవైపు?"

"అదీ లేదు. అసలు మొదలే పెట్టలేదే. పడుకున్నాను."

తిడుతుందనుకున్నాను. ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "సరే, ఫోను పెట్టకు. నేనుంటాను, వెళ్ళు," అంది.

ఫోను కిటికీ గట్టు మీద పెట్టి, తడి చీరతోనే పీట వేసుకుని కూర్చున్నాను. ఈసారి దాన్ని ముందే వెనక్కి తిప్పి కూర్చోబెట్టుకున్నాను, కుడివైపు నుంచి మొదలుపెట్టడానికి. పెదవి మూల ఎత్తాను. పళ్ళు పోయిన చోట చిగురు మెత్తగా వేలికి తగిలింది, వెనకాల మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా రుద్దాను. మధ్యలో రెండుసార్లు లేవబోయాను. కిటికీ గట్టు మీద ఫోను వెలుగుతూనే ఉంది. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, పెట్టేయనూ లేదు.